అమ్మను నడిపించమంటే చేతికి దువ్వెన ఇస్తున్నారేమిటి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అమ్మకు 62 ఏళ్లు. ఏడు వారాల క్రితం మెదడులో కుడివైపు రక్తనాళం మూసుకుపోయి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. చాలాకాలంగా షుగరుకు ఇన్సులిన్, బీపీకి మాత్రలు వాడుతోంది. కుడి మోకాలు అరిగిపోయింది. ఇప్పుడు గుంటూరులో ఒక ఆసుపత్రి పునరావాస విభాగంలో ఉంది. ఫిజియోథెరపీ బాగానే జరుగుతోంది. ఇంకో గంట మాత్రం ఆక్యుపేషనల్ థెరపీ పేరుతో తల దువ్వుకోమంటున్నారు, జాకెట్టు తొడుక్కోమంటున్నారు, గింజలు ఏరిస్తున్నారు. అన్నం మేము కలిపి పెడతామంటే వద్దన్నారు, మా పిన్ని దానికి చాలా నొచ్చుకుంది. అమ్మ పళ్లెంలో సగం వదిలేస్తోంది. ఎడమవైపు నుంచి పిలిస్తే పలకదు. తనకేమీ కాలేదంటూ ఒంటరిగా లేవబోయి మంచం మీంచి జారింది. మతి తప్పుతోందా? ఆ గంట కూడా ఫిజియోథెరపీకే ఇమ్మని అడగవచ్చా? పదిహేను రోజుల్లో పంపించేస్తామంటున్నారు. మా ఇంటికి మూడు మెట్లున్నాయి, మరుగుదొడ్డి పెరట్లో ఉంది. అమ్మ మళ్లీ వంట చేసుకోగలదా?

సమాధానం: ఆ గంటను మార్పించవద్దు. మీరు రాసినదాన్నిబట్టి, ఇంటికి వెళ్లాక మీ అమ్మగారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కాలి బలహీనత కాదు. తనకు ఎడమవైపు అనేది ఒకటుందన్న ఎరుక మెదడులో తగ్గిపోవడం. ఆ లోటు ఏ పనిలో ఎలా బయటపడుతోందో కనిపెట్టి, అది ఉండగానే పని చేసుకునే దారి నేర్పడం ప్రధానంగా ఆక్యుపేషనల్ థెరపిస్టు బాధ్యత. దువ్వెన, జాకెట్టు, గింజలు అందుకు సాధనాలు. తల దువ్వుకున్నాక ఎడమవైపు జుట్టు చిక్కులతో అలాగే ఉండిపోతోందేమో ఈసారి దగ్గరగా గమనించండి.

ఆమెకు మతి తప్పలేదు. పళ్లెంలో సగం వదలడం, ఎడమవైపు పిలుపుకు పలకకపోవడం, తనకేమీ కాలేదనడం, ఈ మూడూ మెదడు కుడి అర్ధభాగం దెబ్బతిన్నవారిలో తరచుగా కలిసే కనిపిస్తాయి. కన్ను పనిచేస్తూనే ఉంటుంది, చెవి వింటూనే ఉంటుంది, కాని ఎడమనుంచి వచ్చే సమాచారాన్ని మెదడు లెక్కలోకి తీసుకోదు. ఇటువంటివారిని గడియారం బొమ్మ గీయమంటే పన్నెండు అంకెలనూ కుడి సగంలోనే ఇరికించేస్తారు. ఒక అడ్డగీత గీసి సరిగ్గా నడిమధ్య గుర్తు పెట్టమంటే కుడివైపుకు జరిపి పెడతారు. థెరపిస్టు ఈ పరీక్షలు చేసే ఉంటారు. ఆ కాగితాలు ఒకసారి చూపించమని అడగండి. పిన్నిగారికి కూడా చూపించండి, మన వివరణలకన్నా ఆ గడియారం బొమ్మ ఆవిడకు త్వరగా బోధపడుతుంది. కొందరికి దీనితోపాటు రెండు కళ్లలోనూ ఎడమ సగం చూపు పోయి ఉంటుంది. చూపు మాత్రమే పోయినవారు లోటు తెలుసుకొని తల తిప్పి చూసుకుంటారు. ఎరుక పోయినవారికి తల తిప్పాలనే తోచదు. రెండింటికీ నేర్పే పద్ధతిలో తేడా ఉంది కనుక, కంటి పరీక్ష జరగకపోయి ఉంటే చేయించమని వైద్యుల్ని అడగాలి.

తనకేమీ కాలేదనడం మొండితనం కాదు. చెయ్యి కదలడం లేదన్న సంగతిని గుర్తించే ఏర్పాటే దెబ్బతిన్నప్పుడు, మీరు ఎంత వాదించినా ఆమెకు మీరే లేనిపోనివి కల్పిస్తున్నట్టు తోస్తుంది. థెరపిస్టులు వాదించరు, పని మొదలుపెట్టే ముందు ‘ఇందులో మీ అంతట మీరు ఎంతవరకు చేయగలరు?’ అని అడిగి, పూర్తయ్యాక జరిగినదాన్ని ఆమె చేతనే పోల్చి చెప్పిస్తారు. ఆ పోలిక రోజూ జరుగుతుంటే ఎరుక నెమ్మదిగా పెరుగుతుంది. అంతవరకు ‘లేవకు’ అని చెప్పి పక్క గదిలోకి వెళ్లడం పనికిరాదు. ఆసుపత్రి మంచాన్ని ఆమె పడుకున్నంతసేపు వీలైనంత దించి ఉంచాలి, లేపేటప్పుడు మాత్రమే పైకెత్తాలి, కనుచూపు మేరలో మనిషి ఉండాలి, రాత్రిపూట మూత్రానికి ఆమె తనంతట తాను లేవబోయే వేళకు ముందే మీరు లేపి కూర్చోబెట్టాలి. పక్షవాతం వచ్చినవారు పడిపోయే సందర్భాల్లో మరుగుదొడ్డికి తొందరపడి లేవడం ఒకటని నా అనుభవం.

మీ అమ్మగారి వంటి రోగుల విషయంలో ఒక్కొక్క జబ్బునూ విడిగా చూస్తే ఎక్కడో దెబ్బ తగులుతుంది. ఉదాహరణకు పొద్దున్నే ఇన్సులిన్ ఇచ్చి నాలుగు ఇడ్లీలు పెట్టారనుకోండి. కుడివైపు ఉన్న రెండూ తిని, ఎడమవైపు రెండు ఇడ్లీలు ఉన్నాయని కూడా తెలియక చెయ్యి కడిగేసుకుంటారు. ఇన్సులిన్ మాత్రం నాలుగింటికీ సరిపడా పడింది. పది గంటలకు థెరపీ గదిలో చెమటలు పట్టి, మాట తడబడి, చెప్పినది అర్థంకాక కూర్చుంటే చూసినవారు ‘ఈ రోజు సహకరించలేదు’ అని రాసుకుంటారు. అసలు సంగతి రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకన్నా కిందికి దిగడం కావచ్చు. అందువల్ల ఎంత వడ్డించామన్నది కాక ఎంత తిన్నారన్నది ప్రతి పూటా నర్సుకు చెప్పాలి. థెరపీకి ముందు షుగరు చూడమని అడగాలి. తగ్గినట్టు తేలితే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి పావుగంటకు మళ్లీ చూడడం సాధారణ పద్ధతి. కాని మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి పలుచటి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఆమెకు ఏ రూపంలో ఇవ్వాలో, మింగడాన్ని కూడా పరీక్షించే స్పీచ్ థెరపిస్టునూ వైద్యుణ్నీ ముందే అడిగి రాసి పెట్టుకోండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో ఏదీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పళ్లెం సంగతికి మందు మీ ఇంట్లోనే ఉంది. పళ్లెం పెట్టే పీటకో ట్రేకో ఎడమ అంచు పొడవునా ఎర్రటి టేపు అంటించండి. తినడం మొదలుపెట్టేముందు ఎర్ర గీత కనబడేదాకా తల ఎడమకు తిప్పించండి. చివర్లో మీరు పళ్లెం తిప్పి పెడితే ఆ పూట కడుపు నిండుతుంది. ఎర్ర గీతను ఆమె తనంతట తాను వెతుక్కోవడం నేర్చుకుంటే మీరు లేని పూట కూడా నిండుతుంది. గింజలు ఏరించడమూ ఇదే శిక్షణ. చేటలో పోసిన కందిపప్పును ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి వరుసగా ఏరడం ఆమెకు చిన్నప్పటినుంచి తెలిసిన పని కనుక, ఆసుపత్రి ప్లాస్టిక్ పుల్లలకన్నా చేటే మేలు. థెరపిస్టుకు ఆ మాట చెప్పి ఇంటినుంచి చేట పట్టుకెళ్లండి, కాదనరు.

నడక ఒక్కటే కోలుకోవడానికి గుర్తని మన ఇళ్లలో బలంగా నమ్ముతారు. 1965లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో మహోనీ, బార్తెల్ అనే ఇద్దరు ఒక కొలత ప్రచురించారు. ఇప్పటికీ ప్రపంచమంతటా ఆసుపత్రుల్లో దాన్నే వాడుతున్నారు. రోగి రోజువారీ జీవితానికి వేసే ఆ 100 మార్కుల్లో సమతలం మీద నడకకు 15, మెట్లు ఎక్కడానికి 10. మిగిలిన 75 మార్కులు తినడం, స్నానం, తల దువ్వుకోవడం వంటి శుభ్రత, బట్టలు, మలమూత్రాలపై అదుపు, మరుగుదొడ్డి వాడకం, మంచం నుంచి కుర్చీలోకి మారడం అనే వాటివి. బార్తెల్ మార్కు ఎంతుందని అడగండి. మొత్తం తెలుసుకొని ఊరుకోకుండా, ఏ పనిలో ఎంత తగ్గిందో విడివిడిగా చెప్పించుకుంటే ఈ పదిహేను రోజులు దేనికి వాడాలో మీకే తెలుస్తుంది. మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ కొత్తదేమీ కాదు. 1950లో ముంబైలో కమలా నింబ్కర్ అనే ఆవిడ దీనికి పాఠశాల పెట్టారు. మన జిల్లాల్లో ఈ థెరపిస్టులు తక్కువమంది కాబట్టి చాలామందికి పరిచయం లేదు, అంతే. దొరికిన ఆసుపత్రిలో ఉండి వద్దనుకోవడం నాకు నష్టంగా కనిపిస్తోంది.

అన్నం తినిపించవద్దన్నందుకు పిన్నిగారు బాధపడడం సహజమే. కాని మీ అమ్మగారి కుడి చెయ్యి బాగానే ఉంది. తినిపించిన ప్రతి పూటా ఆ చెయ్యి ఊరికే ఉంటుంది, కన్ను ఎడమకు వెతకదు, ఎంత ముద్ద ఎప్పుడు పెట్టాలో నోటికి బదులు ఎదుటివారు నిర్ణయిస్తారు. పిన్నిగారికి ఇంతకన్నా అవసరమైన పని అప్పగించండి. భోజనం వేళ మీ అమ్మగారికి ఎడమవైపు కొంచెం ముందుకు కూర్చొని కబుర్లు చెప్పమనండి. ఆ గొంతు కోసం తల తిప్పడమే ఒక వ్యాయామం. మొదట్లో అసలే తిప్పకపోతే ఎదురుగా కూర్చొని రోజురోజుకూ కాస్త ఎడమకు జరగవచ్చు.

జాకెట్టు విషయంలో ఒక వరుస ఉంది, ఆ వరుస తప్పితే అరగంటయినా పని కాదు. జాకెట్టును ఒళ్లో పరిచి, పడిపోయిన ఎడమ చేతిని ముందుగా కుడిచేత్తో పట్టి జాకెట్టు స్లీవులో దూర్చాలి, దాన్ని భుజం దాకా లాగాలి, తరువాత వీపు వెనకనుంచి తెచ్చి కుడి చెయ్యి దూర్చుకోవాలి. విప్పేటప్పుడు కుడి ముందు, ఎడమ చివర. ముందువైపు పొడవునా తెరుచుకొనే నైటీతో మొదలుపెట్టి, వదులు జాకెట్టుకు వచ్చి, హుక్కుల చోట అంటుకొనే వెల్‌క్రో పట్టీలు కుట్టిస్తే చాలా రోజులు కలిసివస్తాయి. చీర మాత్రం తరువాత. గాజులు ఎడమ చేతికి కొన్నాళ్లు వద్దు. చేయి వాచినా, గాజు గుచ్చుకున్నా ఆమెకు తెలియకపోవచ్చు.

ఇప్పుడు ఎవరూ ఉత్తరంలో రాయని విషయం. మన అలవాటులో మలవిసర్జన తరువాత కడుక్కొనేది ఎడమ చేత్తో. ఆ చెయ్యే పడిపోయింది. తినే చేత్తోనే కడుక్కోవాలా అన్న రోత, కొడుకు ముందు చెప్పుకోలేని సిగ్గు, ఆయా వచ్చేదాకా ఆపుకోవడం, ఇవన్నీ కలిసి చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, రాత్రి భోజనం తగ్గిస్తారు. దాంతో మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షను మొదలవుతాయి. షుగరు ఉన్నవారిలో ఇవి త్వరగా ముదురుతాయి. మీ అమ్మగారు నీళ్లు తక్కువ తాగుతున్నారా అని చూడండి. ఈ పనిని థెరపీలో ఒక లక్ష్యంగా పెట్టమని మీరే అడగాలి, అవసరమైతే పిన్నిగారి చేత అడిగించండి. సీటుకే అమర్చే నీటి జెట్, లేదా కుడిచేతికి అందే ఎత్తులో గోడకు బిగించిన నీటి పైపు, పక్కకు వాలినా పడిపోకుండా పట్టుకొనే కడ్డీ కావాలి. ఆ తరువాత ఒంటిచేతిని శుభ్రం చేసుకొనే మార్గం కూడా చూపాలి: వాష్‌బేసిన్‌కు రబ్బరు కప్పుతో అతుక్కొనే బ్రష్ ఒకటి పెట్టి, దానిమీద ద్రవ సబ్బు వేసుకొని కుడి అరచెయ్యి, వేళ్ల సందులు రుద్దుకుంటే చెయ్యి పూర్తిగా శుభ్రపడుతుంది. ఇంత చిన్న వస్తువు లేక మూడు పూటలా తిండి సయించని మనుషుల్ని చూశాను.

భుజం గురించి కఠినంగానే చెబుతాను. ఎవరూ ఆమెను ఎడమ చెయ్యి పట్టి లాగి లేపకూడదు, చంకలో చెయ్యి వేసి ఎత్తకూడదు. కండరాలు సడలినప్పుడు చేతి బరువుకే కీలు కిందికి జారుతుంది. లాగితే నెలల తరబడి పోని నొప్పి పట్టుకుంటుంది, ఆ నొప్పితో రాబోయే కదలిక కూడా ఆగిపోతుంది. కూర్చున్నప్పుడు ఒళ్లో దిండు వేసి దానిమీద చేతిని పెట్టండి. దూలానికి కప్పీ వేలాడదీసి తాడుతో చెయ్యి లాగించడం, మర్దన చేసేవారి చేత కీళ్లు విరిపించడం వద్దు. మెత్తగా నూనె రాస్తే అభ్యంతరం లేదు. వేళ్లు ముడుచుకుపోతున్న చేతికి బంతి ఇచ్చి పిసకమనడం కూడా అందరూ చెప్పే సలహాయే. కాని ఆ చేతికి కావలసింది తెరవడమే, మూయడం కాదు. బాగున్న చేతిని కట్టేసి పడిపోయిన చేత్తో పని చేయించే చికిత్స గురించి ఫోనులో వీడియోలు మీకు వచ్చే ఉంటాయి. 2006లో వెలువడిన ప్రసిద్ధ అమెరికన్ పరిశోధన దానికి మేలుందని తేల్చింది నిజమే, కాని అందులో చేర్చుకున్నది మణికట్టునూ వేళ్లనూ కొన్ని డిగ్రీలైనా తామే పైకెత్తగలిగినవారిని. మీ అమ్మగారి చేతిలో ఆ కదలిక వచ్చాక ఆలోచించవచ్చు. ఈలోగా ఎడమ చెయ్యి వీల్‌చైర్ చక్రంలో పడకుండా, వేడి గిన్నెకు తగలకుండా చూడడమే ముఖ్యం. ఎడమ పాదం కూడా అంతే. షుగరున్న పాదం పెడల్ మీంచి జారి నేలకు రాసుకుంటున్నా ఆమె చెప్పరు.

మంచం నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీ ఆమె కుడివైపు ఉండాలి, బ్రేకులు వేసి ఉండాలి. ఇక్కడ మీ ఇంటి ప్రత్యేక సమస్య ఏమిటంటే, ఆధారపడవలసిన కుడి కాలికే మోకాలు అరిగింది. కాబట్టి పల్లపు కుర్చీ, పల్లపు మంచం, నేలమీది మరుగుదొడ్డి ఈమెకు కుదరవు. కూర్చొనే ప్రతి చోటు ఆమె మోకాలి ఎత్తుకు కొంచెం పైనే ఉండాలి. లేచిన వెంటనే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతున్నాయేమో తెలుసుకోవడానికి మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి ఆ తరువాతే లేపండి.

ఇల్లు. మూడు మెట్లు ఒక్కొక్కటి 6 అంగుళాలైతే మొత్తం 18 అంగుళాల ఎత్తు. వీల్‌చైర్ వాలుకు ప్రతి అంగుళం ఎత్తుకూ 12 అంగుళాల పొడవు ఉండాలన్నది లెక్క, అంటే 18 అడుగుల వాలు కావాలి. మీ వాకిట్లో అంత స్థలముంటే కట్టించండి. లేకపోతే చెక్క పలక వాల్చి మనిషిని నెట్టే సాహసం చేయవద్దు. పొట్టి వాలుకన్నా, ఇద్దరు శిక్షణ పొందిన మనుషులు కుర్చీని వెనక్కి వంచి మెట్టుమెట్టుగా ఎక్కించడమే నయం, అదీ అవసరమైన రోజుల్లోనే. పెరటి మరుగుదొడ్డి కోసం ఇప్పుడు డబ్బు ఖర్చు పెట్టకండి. చక్రాల కమోడ్ కుర్చీ కొని పడకగదిలో ఒక మూల తెర కట్టండి. సాధారణ వీల్‌చైర్ బయటి వెడల్పు రెండడుగులు దాటుతుంది, పాత ఇళ్ల స్నానాలగది తలుపులు అంతకన్నా ఇరుకు. కొనేముందు గుమ్మాలు కొలిచి, గడపల ఎత్తు రాసుకొని, ప్రతి గదినీ ఫోనులో ఫోటో తీసి థెరపిస్టుకు చూపించండి. మంచాన్ని ఎటు వేయాలన్నది కూడా వారినే అడగండి. ఎడమవైపు గోడ వచ్చేట్టు వేస్తే ఆమె ఎడమకు చూడవలసిన పనే ఉండదు. మరీ తొలిరోజుల్లో పిలిచే గంట, మంచినీళ్లు మాత్రం కుడివైపే అందుబాటులో ఉంచాలి.

ఈ పదిహేను రోజుల్లో ఇంట్లో చూసుకోబోయేవారు ఎవరో తేల్చుకొని, వారు థెరపీ గంటలో నిలబడి చూడడం కాక, థెరపిస్టు పక్కనుండగా తమ చేతులతో చేయాలి: కుర్చీలోకి మార్చడం, జాకెట్టు, కమోడ్, పళ్లెం. డిశ్చార్జికి ముందు ఒక పూర్తి పగలు, వీలైతే ఒక రాత్రి, నర్సులు జోక్యం చేసుకోకుండా అన్నీ మీరే చేసి చూపిస్తామని అడగండి. ఎక్కడ తడబడతారో ఆసుపత్రిలోనే తెలిసిపోతుంది. ఆమె ఊరికే ఏడుస్తున్నా, దేనిమీదా ఆసక్తి చూపకపోయినా వైద్యుడికి చెప్పండి. పక్షవాతం తరువాత సుమారు ముగ్గురిలో ఒకరికి కుంగుబాటు వస్తుంది, దానికి మందులున్నాయి. వికలత్వ ధ్రువపత్రం సంగతి డిశ్చార్జి కాగితాలతోపాటే అడిగి ఉంచుకోండి.

చివరగా వంట. కూర్చొని చేసే పనులు ఇంటికి వెళ్లిన వారం నుంచే మొదలుపెట్టవచ్చు: తోటకూర వలవడం, చిక్కుళ్లు ఈనెలు తీయడం, పప్పు ఏరడం. కూరగాయలు కదలకుండా పట్టే మేకులున్న పలక మీద ఒంటిచేత్తో తరగడం థెరపిస్టు నేర్పుతారు. గ్యాసు పొయ్యి దగ్గరికి మాత్రం ఇప్పట్లో పంపవద్దు. మనవాళ్లు పమిట వేసుకొనేది ఎడమ భుజం మీంచి, ఆమె గమనించనిది ఎడమవైపే, రెండు పొయ్యిల్లో ఒకటి ఉండేదీ ఎడమవైపే; కొంగు అంటుకున్నా, ఎడమ పొయ్యి ఆర్పడం మరచిపోయినా ఆమెకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. మూడు నెలలకు మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు గడియారం బొమ్మ, గీత పరీక్షలు తిరిగి చేయించండి. అవి మెరుగుపడితే, ఆసుపత్రిలో శిక్షణ వంటగది ఉంటే అక్కడ, లేకపోతే మీ వంటింట్లో ఇంకొకరు పక్కనుండగా, చీర కాక నైటీ తొడిగి, ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించిన గట్టుపై ఒకే గిన్నె పట్టే ఇండక్షన్ పొయ్యితో టీ కాయించి చూడండి.